కనుమ ఎక్కని ఏసీ

ముందే చెప్పేస్తున్నాను. ఇది ఒక మంచి కారును, ఒక ఇంజనీరింగ్ పట్టాను, ఒక కోడలి అంతంతమాత్రం పరువును ఒకే పూటలో కొండ మీదికి ఎక్కించబోయి మధ్యలో వదిలేసిన కథ. వదిలేసింది నేనే. వెనక నుంచి నన్నెవరూ తోయలేదు. తోసినవాళ్లు తర్వాత వచ్చారు, వాళ్లు తోసింది కారును.

పాప ఇప్పుడే నిద్రపోయింది. తడిగుడ్డతో మెడ తుడిచి, ఫ్యాను మరీ ఎక్కువైందేమోనని తగ్గించి, మరీ తక్కువైందేమోనని పెంచి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందని తేల్చుకుని వచ్చి కూర్చున్నాను. నేనెలాంటిదాన్నో తెలియడానికి ఈ ఒక్క ముక్క చాలు. గాజు గ్లాసును దూదిలో చుట్టి, అల్మరాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుని, అప్పుడు కూడా ‘అల్మరా మీద పైకప్పు పడితే ఎట్లా’ అని ఆలోచించే రకం నేను.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. ఆ పట్టా నా పెళ్లిచూపుల్లో ఒకసారి బాగా పనికొచ్చింది. ఆ తర్వాత మిక్సీ తిరగనప్పుడల్లా పనికొస్తోంది. “ఇంజనీరు కోడలు ఇంట్లో ఉండగా బయట బాగుచేయించడమేంది?” అంటుంది మా అత్త, పల్లె నుంచి మిక్సీ మోసుకొచ్చి నా ఒళ్లో పెట్టి. నేను దాన్ని రెండుసార్లు తట్టి, మూడోసారి బజారుకు పంపిస్తాను. అంతవరకు నా చదువు వల్ల ఎవరికీ హాని జరగలేదు.

మేముండేది మార్కాపురంలో. మా ఆయనకు పలకల వ్యాపారం. ఒక పాత పెట్రోలు కారు ఉంది. చదును రోడ్డు మీద బుద్ధిమంతురాలు. కనుమ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాని అసలు బుద్ధి బయటపడుతుంది. ఏసీ వేస్తే ఎక్కదు, ఎక్కాలంటే ఏసీ ఉండదు. గిద్దలూరు దాటి నల్లమల కనుమ మొదలయ్యే చోట, దారిలో గుడి కనిపిస్తే చేతులెత్తి మొక్కినంత భక్తిగా మా ఆయన వేలు ఏసీ బటన్ మీదికి పోతుంది. టక్. ఆ తర్వాత అడవిగాలి, లారీల పొగ, మా చెమట.

పోయిన ఎండాకాలంలో అలాగే కనుమ దాటాం. పాపకు ఒళ్లంతా చెమటకాయలు లేచాయి, రెండు మలుపులకొక వాంతి అయింది. ఆ రోజే అనుకున్నాను, ఇక ఈ పిల్ల ఈ కనుమను ఏసీలో తప్ప దాటదని. తల్లులు ఇలాంటివి అనుకోకూడదు. పైన వినేవాళ్లకు వేళాకోళం ఎక్కువ.

ఈ ఏడు పాపకు పుట్టెంట్రుకలు తీయించాల్సి వచ్చింది. మా అత్తామామలది కొమరోలు దగ్గర పల్లె. జీవాలు కాస్తారు. వాళ్ల ఇంటి దేవత మాత్రం కనుమకు అవతల, నంద్యాల వైపు ఉంది. ఏ తాత కాలంలోనో మందల వెంట ఇటు దిగివచ్చారట, అమ్మవారు రానన్నదట. అందుకని ఇంట్లో ఏ బిడ్డకు తల వెంట్రుకలు తీయాలన్నా కనుమ దాటాల్సిందే.

ఇంకో నియమం ఉంది. మొక్కుకున్న పొట్టేలు, బిడ్డ కలిసే బయలుదేరాలి, కలిసే గుడి చేరాలి. అక్కడ పొట్టేలు మీద పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా బిడ్డ తల మీద కత్తి పెట్టకూడదు. మా ఆయన పుట్టెంట్రుకలప్పుడు పొట్టేలు పొద్దున నిలబడింది నిలబడినట్టే ఉండి, దీపాలు పెట్టేవేళకు గానీ విదిలించలేదట. చుట్టాలంతా పస్తు. మా మామ చివరికి దాని చెవిలో క్షమాపణ కూడా చెప్పుకున్నాడట, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

“ట్రాలీ ఆటో మాట్లాడినా,” అన్నాడు మామ ఇంటికి వచ్చి, చెంబెడు నీళ్లు తాగి. “కింద జంబుకానా పరుస్తాం. మనుషులం, పొట్టేలు, వంటసామాను అన్నీ అందులోనే.”

“పాపను పొట్టేలుతో పాటు ఆటోలో కూర్చోబెడతారా మామా?”

“నీ మొగుడు పోలేదా? పొట్టేలు మెడ కరుచుకుని నిద్దరపోయినాడు.”

“ఎండకు పాపకు ఒళ్లంతా పేలుతుంది మామా. పోయినసారి కనుమలో చూశారు గదా.”

“అద్దాలన్నీ బిగించుకుంటే పేలక ఏమైతాది? కోడిపిల్లను గంప కింద కమ్మినట్ల కమ్మితిరి. బయటి గాలి తగిలితే బిడ్డకు ఏం కాదు.”

“ఈసారి కారులోనే వస్తాం. ఏసీ వేసుకునే కనుమ ఎక్కుతాం.”

మామ కొడుకు వైపు తిరిగాడు. “ఏందిరా, మీ కారు ఎక్కుతాదా?”

“నన్నడగొద్దు నాయనా,” అన్నాడు మా ఆయన, మంటకు దూరంగా జరుగుతున్న మనిషిలాగా. “ఇంజన్ల గురించి చదివింది ఆమె.”

“అట్లయితే సరే,” అన్నాడు మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ. “కారులోనే రాండి. ఏసీ ఆగినచోట మాత్రం బిడ్డను నా ఆటోలోకి ఇయ్యాల. మళ్ల నసగగూడదు.”

“ఆగితే కదా మామా,” అన్నాను.

ఆ మూడు మాటల కోసం నేను చేసిన పనులు ఇప్పుడు వినండి.

కారుకు టర్బో పెట్టించాలని తేల్చుకున్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇంజన్ బయటికి వదిలేసే పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టడమే టర్బో. పారబోసే గంజితో ఇంకో వంట వండుకోవడంలాంటిది. ఆ అదనపు బలంతో కారు కనుమ ఎక్కుతుంది, ఏసీ దాని దారిన అది ఆడుతుంది, పాప బొమ్మతో ఆడుకుంటుంది. కాగితం మీద ఇంత అందమైన ఆలోచన మళ్లీ నాకు రాలేదు. రాకపోతేనే మంచిది.

ఒక చేత్తో పాపకు ఉగ్గు పెడుతూ, ఇంకో చేత్తో ఫోన్‌లో టర్బో కిట్లు వెతికాను. పాప ఉగ్గు ఉమ్మినచోటల్లా ఒక కిట్టు బొమ్మ మరకపడింది. ఎక్కడ చూసినా కుర్రాళ్లే, ఎక్కడ చూసినా ఒకటే సలహా. ముందు ఏసీ పీకి అవతల పారేయండి, అది దండగ బరువు అని. వాళ్లెవరికీ పిల్లల్లేరని నాకప్పుడే తెలిసిపోయింది.

మా వీధి చివర మెకానిక్ బాషా కూడా ఆ మాటే అన్నాడు. ఊళ్లో మొదటి టర్బో తన షెడ్డులోనే పెట్టాలని అతనికి చచ్చేంత ఆశ.

“టర్బో పెడదాం అక్కా, కారు ఇమానం మాదిరి పోతాది. ఏసీ తీసేయాల, అంతే. కంప్రెసర్ ఉండే జాగాలోనే టర్బో కూసోవాల.”

“ఏసీ ఉండాలి బాషా.”

“ఇద్దరికీ జాగా చాలదక్కా. ఒక ఒరలో రెండు కత్తులు...”

“ఒర కొంచెం వెడల్పు చెయ్యి.”

కోయంబత్తూరులో ఒక కుర్రాడు కిట్లు అమ్ముతాడని తెలిసి ఫోన్ చేశాను. తెలుగు బాగానే మాట్లాడాడు, ఓపిక అంతకంటే బాగుంది. మొదట్లో.

“ఏసీ తీసేస్తే మీకు చాలా పెద్ద టర్బో ఇవ్వగలను మేడమ్.”

“ఏసీ తీసేసేటట్టయితే నాకు టర్బోనే వద్దు.”

“మరి టర్బో ఎందుకు మేడమ్?”

“ఏసీ కోసం.”

ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను. పెట్టలేదు. మనిషి ఆలోచిస్తున్నాడు.

“మేడమ్, స్పీడ్ కోసం అడుగుతారు. రేసుల కోసం అడుగుతారు. చల్లగా ఉండటానికి టర్బో అడిగినవాళ్లను మిమ్మల్నే చూస్తున్నాను.”

నేనది పొగడ్త అనుకున్నాను.

మొత్తానికి చిన్న టర్బో ఒకటి తేల్చాడు. కంప్రెసర్ దాని చోట అది ఉంటుంది. టర్బో గాలిని చల్లబరిచే జాలీ ఒకటి కారు ముందు భాగంలో, ఏసీ జాలీకి అడ్డంగా పెట్టాలి. వీటన్నిటి మీదా పెత్తనం చేయడానికి ఒక చిన్న కంప్యూటర్ పెట్టె. ఆ పెట్టెకు ఏం చెప్పి పంపాలో నన్నడిగాడు. అసలు నాశనం మొదలైంది ఇక్కడే, దయచేసి గమనించండి.

“టర్బో ఎంత బలం తీసినప్పుడు ఏసీ ఆపమంటారు మేడమ్?”

“ఆపకపోతే ఏమవుతుంది?”

“ఇంజన్ మీద భారం కొంచెం ఎక్కువవుతుంది.”

“పేలుతుందా?”

“పేలదు మేడమ్.”

“పేలితే? వెనక సీట్లో మా పాప ఉంటుంది.”

“పేలదు మేడమ్.”

“ఎందుకైనా మంచిది, కొంచెం బలం తీయగానే ఆపేసేట్టు పెట్టండి.”

“సరే. ఇంజన్ ఎంత వేడెక్కితే ఏసీ ఆపాలి?”

“కొంచెం వేడెక్కగానే.”

“టర్బోను ఎప్పుడు ఆపాలి?”

“ఇంకొంచెం వేడెక్కగానే.”

“మేడమ్, ఇంత తక్కువ పెడితే డ్రైవింగ్‌లో మజా ఉండదు.”

“మాకు మజా వద్దు బాబూ, క్షేమంగా ఉంటే చాలు.”

పెట్టె వచ్చింది. నా భయాలన్నీ మడత నలగకుండా అందులో సర్ది పంపాడు ఆ కుర్రాడు. లోకంలో ఇంకే కారుకూ లేనిది మా కారుకు వచ్చింది. దానికి నా బుద్ధి వచ్చింది.

బాషా షెడ్డులో కారు పురిటిమంచం ఎక్కినట్టు చాలా రోజులు పడుకుంది. ఖర్చు అడగకండి, మా ఆయన కూడా అడగడం మానేశాడు. చివరికి ఒకరోజు పొద్దున్నే, సూర్యుడింకా పళ్లు తోముకోని వేళ, కంభం రోడ్డు మీదికి తీసుకుపోయాం. చదును రోడ్డు, చల్లటి గాలి. మా ఆయన కొంచెం తొక్కాడు. కారు ఉరికింది. ఏసీ ఒక్క క్షణం ఆగి మళ్లీ వచ్చినట్టుంది, నేను పట్టించుకోలేదు. పెళ్లిలో వరుడు తుమ్మితే ఎవరు పట్టించుకుంటారు?

“ఏందే ఇది, మన కారేనా?” అన్నాడు మా ఆయన. పెళ్లయ్యాక నన్ను అంత ఆరాధనగా చూడటం అదే మొదలు. ఆ చూపు మీద కొన్ని రోజులు బతికాను. అత్తకు ఫోన్ చేసి చెప్పాను, అమ్మకు చెప్పాను, పాలాయనకు కూడా చెప్పాను. కనుమ మీద పరీక్షించి చూడాలని మాత్రం తట్టలేదు. ఈత నేర్చుకున్నానని ఊరంతా చాటింపు వేసి, బావి వైపు చూడనిదాన్ని నేనే.

ఆ రోజు రానే వచ్చింది. గిద్దలూరులో కలుసుకున్నాం. ఆటోలో మామ, అత్త, వంటపాత్రలు, నడిమధ్యన పొట్టేలు. నుదుట పసుపు, కొమ్ములకు పూలదండ, కొత్త పెళ్లికొడుకు మాదిరి బిగుసుకుని ఉంది. మా తమ్ముడు, పాపకు మేనమామ, ముందురోజే గుడి దగ్గరికి చేరుకున్నాడు. మేనమామ ఒళ్లోనే కదా తల వెంట్రుకలు తీసేది. మధ్యాహ్నం దాటితే మంచి వేళ పోతుందని పొద్దుననుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

ఆటో ముందు, మేము వెనక. అద్దాలు బిగించి ఉన్నాయి. ఏసీ మంచులా కొడుతోంది. పాపకు గౌను మీద స్వెట్టర్ వేయాలా అని కూడా ఆలోచించాను.

ఊరు దాటగానే గొర్రెలు. ఒక మంద కాదు, గొర్రెలతో రోడ్డు వేసినట్టుంది. మా వైపు జీవాలకు హారన్ కొట్టడం మర్యాద కాదు, కొడితే అవి ఇంకా దగ్గరికి మూగుతాయి. ఆటో ఆగింది. మామ దిగాడు. జీవాలు కాసే మనిషి ఇంకో జీవాలు కాసే మనిషిని చూస్తే దిగకుండా ఉండడు. ఏ ఊరి మంద, రాత్రికి ఎవరి చేలో కడుతున్నారు, ఈ ఏడు గొర్రెల ఈతలు ఎట్లున్నాయి, అన్నీ కావాలి.

మా కారు నిలబడిపోయింది. ఎదురుగాలి లేదు. ముందు జాలీ వేడి వెనక జాలీకి, వెనక జాలీ వేడి ఇంజన్‌కు. పచ్చడి జాడీలో పక్కపక్కన ఇరుక్కున్న మిరపకాయల్లాగా ఒకదాన్నొకటి మండించుకున్నాయి. ఏసీ గాలి మొదట చల్లగా, తర్వాత గోరువెచ్చగా, ఆ తర్వాత ముసలి ఎద్దు మొహం మీద ఊపిరి వదిలినట్టుగా వచ్చి, ఆగిపోయింది. పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది.

“ఏసీ ఆగింది,” అన్నాడు మా ఆయన.

“మీరు ఆపారా?”

“నా చేతులు రెండూ స్టీరింగ్ మీదుండాయి, చూసుకో.”

“పెట్టె ఆపిందేమో.”

“పెట్టెకు ఎవురు చెప్పినారు?”

నేను పాప జుట్టు సవరించాను.

“అద్దం దించుతాండా.”

“వద్దు. దించితే మామకు తెలిసిపోతుంది.”

ఇక్కడ మీరు నన్ను తిట్టుకోవచ్చు, నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను. చెమటకాయలు రాకూడదని కదా ఇంత రాద్ధాంతం. ఇప్పుడు పందెం పోకూడదని, అదే పిల్లను మూసిన కారులో ఉడకబెడుతున్నాను. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండ పగలగొట్టుకున్నట్టు.

మామ గొర్రెల మధ్య నుంచి నడుచుకుంటూ మా కిటికీ దగ్గరికి వచ్చాడు. అద్దం మీద వేలితో తట్టాడు.

“చల్లగుందామ్మా?” అద్దంలోంచి వినపడింది.

“చల్లగానే ఉంది మామా,” అన్నాను. కనుబొమ్మ మీద చెమటచుక్క కంట్లోకి జారింది. దాన్ని తుడుచుకోకుండా నవ్వాను. ఒక గొర్రె కూడా ఆగి నన్ను చూసింది.

మామ తల ఊపి వెళ్లిపోయాడు.

మంద పక్కకు తప్పుకుంది. కారు కదిలింది, గాలి తగిలింది, కాసేపటికి ఎర్రదీపం ఆరి ఏసీ మళ్లీ వచ్చింది. నేను దేవుళ్లందరికీ పేరుపేరునా దండం పెట్టుకున్నాను. “చూశారా, గొర్రెల వల్ల అలా అయింది గానీ,” అన్నాను.

“ఊఁ,” అన్నాడు మా ఆయన.

దిగువమెట్ట దాటాక కనుమ మొదలైంది. అలవాటు చొప్పున ఆయన వేలు ఏసీ బటన్ వైపు పోయింది. నేను ఆ చేతి మీద ఒకటి కొట్టాను. “టర్బో ఉండగా ఇంకా ఏంది?”

ఆయన తొక్కాడు. టర్బో ఈల వేసింది. కారు ఊపుగా ముందుకు దూకింది. టక్. ఏసీ ఆగింది.

ఆయన కాలు తీశాడు. ఏసీ వచ్చింది. కారు ఆగబోయింది.

తొక్కాడు. ఏసీ పోయింది. తీశాడు. వచ్చింది.

“ఇదేంది శిరీషా? తొక్కితే ఏసీ పోతాది, తీస్తే కారు నిలబడతాది. ఎక్కిళ్లు పట్టినాయా దీనికి?”

నాకప్పుడు ఆ కుర్రాడి గొంతు చెవిలో వినపడింది. ఎంత బలం తీసినప్పుడు ఏసీ ఆపమంటారు మేడమ్? కొంచెం తీయగానే బాబూ.

“ఇంతకుముందు కనుమలో ఏసీ నేను ఆపేవాణ్ని,” అన్నాడు మా ఆయన నింపాదిగా. “ఊరికే, ఈ వేలితో. ఇప్పుడు ఇంత ఖర్చు పెట్టి దానికొక మిషను పెట్టినాము.”

అంతలోనే ఇంకో దీపం వెలిగింది. ఇంజన్ ఇంకొంచెం వేడెక్కింది. నేను చెప్పినట్టే, అక్షరం తప్పకుండా, పెట్టె టర్బోను కూడా ఆపేసింది. ఇప్పుడు మా కారులో ఏసీ ఉంది, పని చేయదు. టర్బో ఉంది, అదీ పని చేయదు. రెండింటి బరువు మాత్రం ఉంది. ఇద్దరు అల్లుళ్లు ఇంట్లో తిష్ఠవేసినట్టు. తర్వాతి మలుపులో కారు ఒక నిట్టూర్పు విడిచి నిలబడింది.

పాప ఏడుపు లంకించుకుంది. మొహం కందగడ్డలా ఎర్రబడింది. తర్వాత నా చీర మీద వాంతి చేసుకుంది. తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, యాడి దాకా వచ్చినారు? ఇక్కడ మంగలాయన కత్తి నూరుకుని కూసుండాడు.”

అప్పుడు దించాను అద్దాలు. నాలుగూ.

ఆటో ముందు మలుపులో ఆగింది. మామ నడిచి వచ్చాడు. తొందరేమీ లేదు మనిషికి. పాపను నా చేతుల్లోంచి తీసుకున్నాడు, తువ్వాలుతో మొహం తుడిచాడు, భుజాన వేసుకున్నాడు. ఆ తర్వాత అడిగాడు.

“ఏసీ ఆగింది ఈడనేనా అమ్మా?”

ఏదో ఒక అబద్ధం ఉంటుందని వెతికాను. ఒక్కటీ మిగల్లేదు.

“గొర్రెల దగ్గరే ఆగింది మామా.”

“తెలుసులే. అంత చల్లగుంటే మనిషికి మొగం మీద చెమట ఎందుకు పడతాది.” రెండడుగులు వేసి మళ్లీ తిరిగాడు. “గొర్రెల కాణ్నే చెప్పింటే బిడ్డకు ఈ తిప్పలు ఉండవు గదమ్మా.”

కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడితే తిరిగి నేనేదైనా అనవచ్చు.

మా ఆయన, అటుగా పోయే నలుగురు కలిసి కారును పక్కకు తోసి, చల్లారబెట్టారు. నేను వెళ్లి ఆటో ఎక్కాను. చూద్దును కదా, పాప జంబుకానా మీద కూర్చుని పొట్టేలు దండలో బంతిపూలు పీకుతోంది. నాలుగు వైపుల నుంచీ అడవిగాలి. ఏడుపు లేదు, వాంతి లేదు. అత్త నా వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. ఆ చూడకపోవడంలో ఒక గ్రంథం ఉంది.

నేను నోరు మూసుకుని కూర్చుని ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. కానీ పొట్టేలు తల ఊపింది. కొమ్ము పాప కంటికి జానెడు దూరంలోంచి పోయింది.

“మామా, ఆ కొమ్ములు.”

“అది ఏమనదులేమ్మా.”

“అది ఏమనదు సరే. ఆటో గతుకులో పడితే? కొమ్ము కంట్లో గుచ్చుకుంటే? మామా, మీ కాళ్లకు మొక్కుతాను, దాన్ని ఇంకెక్కడైనా పెట్టండి.”

“కనుమ మధ్యలో యాడ పెట్టేది? నెత్తిన పెట్టుకోనా?”

అందరి చూపూ కారు వైపు తిరిగింది.

అలా పొట్టేలు మా కారెక్కింది. మేము ఆటోలో, పొట్టేలు కారులో. దాన్ని వెనక సీట్లో, పాప కోసం నేను పరిచిన మెత్తటి దుప్పటి మీద పడుకోబెట్టారు. చల్లారిన కారు, మనుషుల బరువు తగ్గిన కారు, నెమ్మదిగా ముక్కుతూ మిగిలిన నాలుగు మలుపులూ ఎక్కింది. అవతలి పక్క అంతా దిగుడే. దిగుడులో తొక్కే పని లేదు. తొక్కకపోతే టర్బో లేవదు. టర్బో లేవకపోతే ఏసీ ఆగదు.

ఏసీ వచ్చింది. ఎదురుగాలికి జాలీలు రెండూ చల్లబడి, మార్కాపురంలో ఏ చలికాలంలోనూ నేనెరగని చలితో వచ్చింది. అద్దం దించితే పొట్టేలు తల బయటపెట్టి దూకబోతోందని మా ఆయన అద్దాలన్నీ బిగించాడు. బిగిస్తే వాసన. వాసనకు తట్టుకోలేక ఏసీ చివరిదాకా తిప్పాడు. నా బిడ్డ కోసం నేను ఉగ్గుగిన్నె పక్కన కూర్చుని కన్న కల, ఒక పొట్టేలుకు నిజమైంది.

గుడి చేరేసరికి మధ్యాహ్నానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. మా తమ్ముడు కారు దగ్గరికి పరుగెత్తి మేనకోడలి కోసం తలుపు తీశాడు. లోపలి నుంచి పొట్టేలు దిగింది. మా తమ్ముడి మొహం ఇప్పటికీ నాకు గుర్తుంది.

“మీ అబ్బాయి అప్పటి మాదిరి పొద్దుగూకేదాకా నిలబెడితే ఎట్లా?” అని అత్త చెవిలో అడిగాను.

“అందుకే అన్నం మూట రెండు పూటలకు కట్టినా,” అంది అత్త.

పొట్టేలును అమ్మవారి ముందు నిలబెట్టారు. ఉన్ని ముట్టుకుంటే కుండలో నీళ్లు ముట్టుకున్నట్టు చల్లగా ఉంది. మామ చెంబులో పసుపునీళ్లు తీసుకుని, దండం పెట్టుకుని, వేపమండతో ఒక్కసారి, ఒకే ఒక్కసారి చల్లాడు.

పొట్టేలు మూతి నుంచి తోక దాకా ఒళ్లంతా విదిలించింది. మామ చొక్కా, అత్త చీర, మా తమ్ముడి కొత్త ప్యాంటు, అన్నీ పసుపు చుక్కలు.

మామ చేతిలో చెంబు అలాగే ఉంది. అంత తొందరగా ఒప్పుకున్న దేవతను ఆయన ఎన్నడూ చూడలేదు.

“ఒక్క చల్లుకే,” అంది అత్త, కళ్లనిండా నీళ్లతో. “నా మనవరాలంటే అమ్మకు ఎంత ప్రేమ!”

“అత్తా, అది అమ్మవారు కాదు. ఏసీ చలికి ఒళ్లు బిగుసుకునుంది, మీద నీళ్లు పడేసరికి...”

“నోరు మూసుకోమ్మే, కళ్లు పోతాయి.”

మూసుకున్నాను. ఆ రోజంతటికీ నేను సమయానికి చేసిన పని అదొక్కటే. పాపకు మేనమామ ఒళ్లో నిద్రలోనే తల నున్నగా అయిపోయింది. మంగలాయన భోజనానికి ఇంటికే పోయాడు. పొట్టేలు సంగతి రాయను. పాపం, చల్లగా వచ్చి వేడిగా వెళ్లింది.

తర్వాత ఆ కోయంబత్తూరు కుర్రాడికి ఫోన్ చేశాను.

“పెట్టెలో ఆ లెక్కలు మార్చొచ్చా బాబూ?”

“రెండు నిమిషాల పని మేడమ్. మారిస్తే ఏసీ ఆగకుండా కనుమ ఎక్కేస్తుంది.”

ఎగిరి గంతేసి మా ఆయనకు చెప్పాను. ఆయన కంటే ముందు, పాపను చూడటానికి వచ్చిన అత్త అడ్డుపడింది. “ఆ కారులో ఇంకేం ముట్టుకోగూడదు. అమ్మ ఒప్పుకున్న కారది.”

విషయం ఏమిటంటే, మామ కొమరోలు సంతలో చెప్పాడు, అత్త మిగతా లోకానికి చెప్పింది. మా కారులో తెచ్చిన పొట్టేలును అమ్మవారు ఒక్క చల్లుకే ఒప్పుకుంటుందని మా చుట్టాలందరికీ తెలిసిపోయింది. పొద్దుగూకేదాకా పస్తుండటం ఎవరికి ఇష్టం? మొన్న ముండ్లమూరు నుంచి వచ్చి ఒకాయన కారు తీసుకుపోయాడు. ఆయన పొట్టేలు కూడా ఒక్క చల్లుకే. ఇక మా కారును ఆపేవాళ్లెవరు? వెనక సీటు సందుల్లోంచి ఉన్ని ఏరడం నా ఆదివారం పని. మా పాప ఎక్కడికి పోవాలన్నా ఆటోలో పోతోంది, హాయిగా ఉంది. ఒక్క చెమటకాయ లేదు.

కాబట్టి, నిద్రపోతున్న నా బిడ్డ సాక్షిగా, సీటు కింద ఇంకా మిగిలిన ఆ బంతిపూల రేకుల సాక్షిగా, ఇందుమూలంగా ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రానికీ నా భయాలు నూరిపోయను. చదును రోడ్డు మీద గెలిచి కనుమకు సవాలు విసరను. మూసిన అద్దం వెనక నుంచి మా మామతో చల్లగా ఉందని అనను. ఇంజనీరింగ్ అన్న మాట ఈ ఇంట్లో ఎత్తను.

ఇది రాస్తుండగా మా ఆయన గుమ్మంలోంచి తల పెట్టాడు, ఫోన్ చేత్తో మూసి పట్టుకుని.

“చంద్రశేఖరపురం వాళ్లు. ఆదివారం కావాలంట. పొట్టేలును ముందు సీట్లో పెట్టాల్నా, ఎనక సీట్లోనా అని అడుగుతాండారు.”

“ముందు సీట్లో పెట్టమనండి,” అన్నాను. “గాలి అక్కడే నేరుగా తగులుతుంది.”

ఆయన ఫోన్‌లో ఆ మాట చెప్పి, గర్వంగా ఇంకో ముక్క కలిపాడు. “మా ఆమె ఇంజనీరు గదా, ఆమెకు తెలుస్తాది.”